డీబగ్గర్ నా పేరు చెప్పిన రోజులు

మొన్న ప్రొద్దుటూరు బస్టాండు బయట ఒక తోపుడుబండి పక్కన నిలబడి ఉంటే, మరీ మగ్గిపోయిన అరటిపళ్ల వాసన గుప్పున తగిలింది. తీపి ముదిరి పులుపులోకి తిరిగే వాసన అది. బండాయన "తీసుకోమ్మా, తక్కువకే ఇస్తా" అంటున్నాడు. నేను పళ్లు కొనలేదు, పక్కకు జరగనూ లేదు. ఆ వాసన వెంటే నూర్జహాన్ మేడం గొంతు వినపడి అలాగే నిలబడిపోయాను. ఆమె పోయాక రెండో రంజాను కూడా దాటింది. ఇది చదువుతున్న మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె ఫొటో ఏ పేపర్లోనూ రాలేదు, ఏ సభలోనూ ఎవరూ శాలువా కప్పలేదు. కప్పబోయినా "ఈ ఎండల్లో దుప్పటెందుకప్పా" అని తీసి పక్కన పెట్టే మనిషి. అందుకే నేను రాస్తున్నాను.

బంగారు అంగళ్ల వీధి వెనక, ఒక దోసెల హోటల్ మీద రెండు గదులు మా ఆఫీసు. పొద్దున్నే కింద పెనం మీద ఎర్రకారం పడిందంటే పైన మేమంతా వరసగా తుమ్మేవాళ్లం. అరటికాయలు మగ్గబెట్టే గదుల్లో చలినీ గాలినీ అదుపులో పెట్టే చిన్న కంప్యూటర్ పెట్టెలు అక్కడ తయారయ్యేవి. పెట్టెలు బిగించేది మస్తాన్ అన్న, వాటిలోకి ప్రోగ్రాం రాసేది మేడం. మేడం నాన్న జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు కట్టిన మనిషి. కూతుర్ని ఇంజనీరింగ్ చదివించాడు. ఆమె పెళ్లయ్యాక భర్తతో కువైట్‌లో కొన్నాళ్లు పనిచేసి, అక్కడి ఏసీ గదుల్లో ఊపిరాడక తిరిగొచ్చేశానని చెప్పేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు వీధులకు సరిపోయేది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకొని బల్లంతా వెతికేవారు. వెతికి వెతికి, దాన్ని నేనే ఎక్కడో పెట్టానని నన్ను తిట్టేవారు.

చదువవగానే నేను జమ్మలమడుగు నుంచి వచ్చి ఆమె ముందు కూర్చున్నాను. మా నాన్న నాపరాళ్లకు పాలిష్ పట్టే పనిలో ఉండేవాడు. ఇంట్లో మొదటి ఉద్యోగం నాదే కావాలని నాకు పంతం. "ఏం వచ్చు నీకు?" అని అడిగారు. నేను చదివినవన్నీ చిలకలా అప్పజెప్పాను.

"అవి నువ్వు చదివినవి. నేనడిగింది వచ్చినవి. సరేలే, ఏం రాదో అదన్నా చెప్పు."

నాకు ఒళ్లు మండింది. "ఏం రాదో నాకెలా తెలుస్తుంది మేడం?" అన్నాను.

"ఆ, ఇప్పుడు చెప్పినావు ఒక నిజం. కూర్చో, పని చూపిస్తా" అన్నారు. అదే నా ఇంటర్వ్యూ.

ఆమె నేర్పిన మొదటి పని డీబగ్గర్‌తో మాట్లాడడం. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ పడిపోతే, పడిపోయిన క్షణంలో దాని మెమొరీలో ఏముందో ఒక కాపీ మిగులుతుంది. ఆ కాపీని డీబగ్గర్ అనే ఇంకో ప్రోగ్రాముకు ఇస్తే, ఎవరు రాసిన ఏ ఫైల్లో ఏ లైను దగ్గర పడిందో చెబుతుంది. యంత్రానికి తెలిసేది అంకెలే. ఏ అంకె ఏ లైనుదో చెప్పే సమాచారాన్ని ప్రోగ్రాం కట్టేటప్పుడే దానితో కలిపి పెడతారు. డీబగ్గర్ దాన్ని చదివి జవాబు చెబుతుంది. ఆ ఏడాది మేం తెచ్చుకున్న కొత్త కంపైలర్, అంటే ప్రోగ్రాంను కట్టే పనిముట్టు, చోటు మిగలాలని ఈ సమాచారాన్ని దానంతట అదే నొక్కి కుదించి పెడుతోంది. మంచిదే అనుకున్నాం, మరిచిపోయాం.

నేను చేరిన ఏడాదికి పులివెందుల నుంచి ఓబుల్‌రెడ్డి ఫోను చేశాడు. వేముల దగ్గర ఆయనకు అరటితోటలు, పులివెందులలో కాయ మగ్గబెట్టే గదులు. ఆ గదులన్నిటికీ మా పెట్టెలే. ఆయన ఒక్కడు పోతే మా ఆఫీసు మూతపడేంత పెద్ద ఖాతా. ఒక పెట్టె దానంతట అది ఆగిపోయిందట, గది వేడెక్కి కాయంతా నల్లబడిందట. మేం వెళ్లేసరికి తలుపు తీయగానే ఇందాక చెప్పిన ఆ వాసన ముఖాన కొట్టింది. మెమొరీ కాపీ తెచ్చి డీబగ్గర్‌కు ఇచ్చాం. అది తడుముకోకుండా నా ఫైలు పేరు, నా లైను నంబరు చెప్పింది. ఆ లైనును ఇంకొంచెం గట్టిగా తిరగరాశాను. ఓబుల్‌రెడ్డి అడిగితే, దాచుకోవడం చేతకాక, "నా భాగంలో ఏదో ఉంది మామా, దిద్దేశాను" అన్నాను. మళ్లీ ఇంకో గదిలో పెట్టె ఆగింది. డీబగ్గర్ మళ్లీ అదే ఫైలు, అదే లైను చెప్పింది. మళ్లీ తిరగరాశాను, అది మళ్లీ ఆగింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, అది చెప్పడమూ నేను దిద్దడమూ. అద్దంలో నా ముఖం చూసుకోవాలన్నా విసుగ్గా ఉండేది. మొదటి ఉద్యోగం, చేతగాని దాన్నని ఊరూరా పేరు.

మూడోసారి మేం పులివెందులకు పోయేసరికి ఓబుల్‌రెడ్డి గదుల ముందర కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. కోపిష్టి కాడు, కానీ ఆ రోజు గొంతు మారిపోయింది.

"ఏమ్మా నూరమ్మా, మీ కంప్యూటరే చెప్తాంది గదా తప్పు ఈ పాపదేనని. నిప్పు లేనిదే పొగొస్తాదా?"

"చెప్తాంది అన్నా. ఎందుకు చెప్తాందో చూస్తాండాం."

"ఇంగా ఎన్నాళ్లు చూస్తారు? గండికి పోదాం పాండి. ఆంజనేయసామి ముందర కర్పూరం ఆర్పి, నా తప్పు ల్యాదు అని చెప్పమను. చెప్పిందా, పెట్టెలూ ఉంటాయి, పాపా ఉంటాది. చెప్పల్యాదా, పాపను ఇంటికి పంపించు. ల్యాకుంటే నీ పెట్టెలన్నీ పీక్కొని పో."

మా వైపు గట్టు తగాదాలు, తోటలో దొంగతనాలు, అన్నదమ్ముల మాటపట్టింపులు అట్లాగే, వెలిగే కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తేనే తేలుతాయి. సాక్ష్యాలు లేని చోట పాపాఘ్ని ఒడ్డున గండిలో దేవుడు ఉన్నాడు. కంప్యూటర్ తగాదా ఆయన దాకా పోవడం మాత్రం అదే మొదటిసారి అయ్యుంటుంది. నాకు నవ్వు రాలేదు. రక్తం సలసలా కాగుతోంది. "పదండి మామా, ఇప్పుడే పోదాం. ఆర్పుతాను" అని చున్నీ బిగించాను.

"నిలబడు మే" అన్నారు మేడం. "నీ తప్పు కాదని నీకు తెలుసునా?"

"మూడుసార్లు చూసుకున్నాను మేడం, ఆ లైనులో ఏమీ..."

"చూసినావు. తెలుసునా?"

నేను తల అడ్డంగా ఊపాను. తెలియదు. డీబగ్గర్ ముందర నా మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

"నాకూ తెల్దు" అని ఆమె ఓబుల్‌రెడ్డి వైపు తిరిగారు. "తెలియనిదాని మీద దేవుని ముందర నోరు తెరిస్తే అది ప్రమాణం కాదు అన్నా, పందెం. నాకు కొంచెం గడువియ్యి. తెలిసినాక ఈ పాపతో పనిల్యా, నేనే వస్తా గండికి."

"నువ్వా? మా సామి ముందరా?"

"మీ సామి మాకేమన్నా కొత్తనా? మా నాయన శ్రావణమాసంలో ఆడికి నడిచి పోయేటోడు."

ఓబుల్‌రెడ్డి సరేనన్నాడు. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు ముఖం పెట్టుకొని కూర్చున్నాను. నేను కోరుకున్నది ఒక్కటే మాట, "ఈ పిల్ల మీద నాకు నమ్మకముంది" అని. అది ఆయన ముందర అనలేదు సరే, బస్సులోనైనా అనలేదు. ఉండబట్టలేక అడిగేశాను. "మేడం, మీకు నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకంతో ఏం పని పాపా, తెలుసుకునే దారి ఉన్నప్పుడు? నమ్మి నిన్ను ఉంచుకుంటే, రేపు నమ్మకుండా తీసేస్తా. అది నీకు మంచిదా?" అన్నారు. ఆ మాట ఆ పూట చేదు మాత్రలా అనిపించింది. దాని మేలు తర్వాత గాని తెలియలేదు.

మర్నాడు ఆమె నా లైను జోలికే పోలేదు. "ఇంతవరకూ నిన్ను అడిగినాం. దాన్ని ఎవురన్నా అడిగినారా?" అని డీబగ్గర్ వైపు చూపించారు. "సాక్షి చెప్పినాడని నమ్ముకుంటా పోతే మన జిల్లాలో సగం మంది లోపలుండాల, ఆ సాక్షులతో కలిపి. మనకు జవాబు తెలిసిన ప్రశ్న అడుగుదాం దాన్ని." తెర మీద అంకెలు చూపించే ఒక చిన్న ఫైలు తీసి, అందులో కావాలనే ఒక తప్పుడు లైను రాసి, ప్రోగ్రాంను అక్కడే పడేలా చేశారు. నా కళ్ల ముందే రాశారు, నా కళ్ల ముందే పడింది. డీబగ్గర్‌ను అడిగాం. అది నా ఫైలు పేరు, నా లైను నంబరు చెప్పింది.

మేడం ఇంకో ఫైల్లో పడేశారు, మళ్లీ నా పేరే. కింద హోటల్లో ఎవరో దోసె కోసం అరుస్తున్నారు. మేడం నెత్తిమీది కళ్లజోడు కిందికి దించుకొని, "దొరికినాడు దొంగ సాక్షి" అన్నారు. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

ఈమధ్య ఏం మారిందని వెనక్కి నడుచుకుంటూ పోతే కొత్త కంపైలర్ దగ్గర ఆగాం. కుదించిన ఆ సమాచారాన్ని వేరే పనిముట్టుతో ముందే విప్పి ఇచ్చి చూశాం. అప్పుడు డీబగ్గర్ బుద్ధిగా నిజం చెప్పింది. ఇక పులివెందుల నుంచి తెచ్చిన పాత మెమొరీ కాపీలను అట్లాగే విప్పి అడిగాం. మూడూ ఒకే లైను చూపించాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు వేడి కొలిచే సెన్సర్ నుంచి ఒక్కోసారి ఏమీ రాదు. ఆ లేనిదాన్ని చదవబోయి ప్రోగ్రాం పడిపోతోంది. ఆ ఫైలు నేను చేరకముందుది, రాసింది నూర్జహాన్ మేడం.

"నాదే" అన్నారు ఆమె. అంతే. ఇంకో మాట లేదు, కారణాలు లేవు. మస్తాన్ అన్నను టీ తెమ్మని, టీ తాగి, ఆ లైను దిద్దారు. ఆ వారంలోనే పెట్టెలన్నిటిలోకీ కొత్త ప్రోగ్రాం పోయింది. కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా ఒక్కటీ ఆగలేదు. ఓబుల్‌రెడ్డి ఫోను చేసి, "పాప మొత్తానికి దిద్దుకున్న్యాది గదా, పోనీలే, చిన్నపిల్ల" అన్నాడు. నేను స్పీకరులో విన్నాను. ఉద్యోగం నిలిచింది, ఖాతా నిలిచింది, నాకు అదే పదివేలు. "వదిలేయండి మేడం" అన్నాను.

"పోనీలే ఏంది? ఆయప్ప నిన్ను క్షమించినాడు. చేయని దానికి క్షమాపణ ఎందుకు తీసుకుంటాండావు? నీ పేరు ఏ నోరు చెడగొట్టిండాదో ఆ నోటితోనే సరిగ్గా చెప్పించాల. డీబగ్గర్‌ను బాగు చేస్తాం. ఆయప్ప ముందర దాన్నే మాట్లాడిస్తాం."

"విప్పి ఇస్తే చెబుతోంది కదా మేడం."

"మనకు తెలుసు గాబట్టి విప్పి ఇస్తాండాం. తెలియని వాళ్ల ఆఫీసులో అది ఈ పొద్దు ఎవురి పేరు చెప్తాందో?"

ఆ డీబగ్గర్ ఏ ఒక్కరిదీ కాదు. ప్రపంచంలో నలుమూలల ఉన్నవాళ్లు కలిసి రాసి, అందరికీ తెరిచి పెట్టిన ప్రోగ్రాం. ఎవరైనా చదవచ్చు, బాగుచేసి పంపవచ్చు. అంత సముద్రంలో మా ప్రొద్దుటూరు చెంబు ఎక్కడ ముంచాలో నాకు తెలియలేదు. ఆమె వదల్లేదు. రోజూ పొద్దున కొంతసేపు, ఇద్దరం పక్కపక్కన కూర్చొని, ఒకరు గట్టిగా చదవడం, ఇంకొకరు "ఎందుకు?" అని అడగడం. జవాబు తెలియకపోతే "తెల్దు" అనాలి, ఊహించి చెప్పకూడదు. "అయ్యుండచ్చు" అన్నానా, ఆ రోజు టీ నా వంతు. ఆ రోజుల్లో నేను పోయించినంత టీ ఆ హోటలాయన కూడా పోసి ఉండడు.

చివరికి చోటు దొరికింది. కుదించిన సమాచారం మొదట్లోనే, విప్పితే ఎంతవుతుందో ఒక అంకె రాసి ఉంటుంది. డీబగ్గర్ సమాచారాన్ని సరిగ్గానే విప్పుతోంది. కానీ చదవడం ఎక్కడ ఆపాలో చూసుకునే ఒక చోట, ఆ అంకెను వదిలేసి కుదించిన కొలతనే పట్టుకుంటోంది. అందుకని ముందు భాగం మాత్రమే చదివి ఆగిపోతోంది. అక్కడి నుంచి అవతల ఏది పడినా, తనకు తెలిసిన ఆఖరి లైను పేరే చెబుతోంది. ఆ ఆఖరి లైను నా ఖర్మ కొద్దీ నాది. మేడం బల్ల చరిచారు. "మా నాయన బేలు పట్టీ కోస్తే గదంతా పత్తే! బేలు పొడుగు కొలిచి పత్తి ఇంతే అంటాండాది ఇది!"

నేను దిద్ది పంపాను. ఆ డీబగ్గర్‌ను చూసుకునే వాళ్లలో ఒకాయన, ఏ దేశమో తెలియదు, చదివి తిప్పి పంపాడు. నా దిద్దుబాటుతో కుదించిన సమాచారం చదువుతోంది గాని, కుదించని మామూలు సమాచారం చెడిపోతోందట. నిజమే, దానికి ఆ మొదటి అంకె ఉండదు. నాకు తల కొట్టేసినట్టయింది. అదే గాక, ఇది మళ్లీ చెడిపోతే పట్టుకునే పరీక్ష ఒకటి రాసి జతచేయమన్నాడు. "ఇక నా వల్ల కాదు మేడం" అన్నాను.

"యాల కాదు? తిప్పి పంపినాడంటే చదివినాడు. నీ రాత అంత శ్రద్ధగా చదివిన మనిషి నీకు ఇంతకుముందు యాడన్నా దొరికినాడా?"

దొరకలేదు. మళ్లీ కూర్చున్నాం. రెండు రకాలకూ పనికొచ్చేలా దిద్దాను. మేడం కావాలని పడేసిన ఆ చిన్న ఫైలు ఆలోచనతోనే పరీక్ష రాశాను. ఈసారి ఆయన ఒక్క అక్షరం మార్చమని, అది మార్చాక తీసుకున్నాడు. పంపినవారి పేరు దగ్గర మేడం పేరు కూడా పెట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. "ఈసారి నీ పేరు సరైన చోట పడనీ" అన్నారు.

బాగైన డీబగ్గర్‌ను ల్యాప్‌టాప్‌లో పెట్టుకొని పులివెందులకు పోయాం. ఓబుల్‌రెడ్డి మమ్మల్ని చూసి, మళ్లీ ఏం కొంప మునిగిందోనని లేచి నిలబడ్డాడు. మేడం ఆయన్ను కూర్చోబెట్టి, మొదట పాత డీబగ్గర్‌తో, తర్వాత కొత్తదానితో, ఆయన గదిలో ఆగిన పెట్టె కాపీనే తెరిచి చూపించారు. ప్రతి ఫైలు పైనా రాసినవాళ్ల పేరు పెట్టడం మా ఆఫీసు పద్ధతి. పాతది నా పేరు చూపింది. కొత్తది ఆమె పేరు చూపింది. ఆయన వేలు పెట్టి కూడబలుక్కొని చదివాడు.

"నూర్... ఇది నీ పేరు గదమ్మా?"

"నాదే అన్నా. నీ కాయ నల్లబడింది నా తప్పుతో. ఈ పాపది కాదు. గండికి ఎప్పుడు పోదామో చెప్పు, నేను రడీ."

ఓబుల్‌రెడ్డి నా వైపు తిరిగి, "పాపా, నేను నిన్ను శానా మాటలన్న్యా" అన్నాడు. ఆ వయసు మనిషి, పదిమంది కూలీలు చూస్తుండగా. "గండి ఎందుకులే నూరమ్మా, నువ్వు చెప్పినాక ఇంగ ఆయనకేం పని" అన్నాడు మేడంతో. ఆయన ఆ పెట్టెలు తీయలేదు. పైగా తోటల్లో నీళ్లు వదిలే పని కూడా మాకే ఇచ్చాడు. ఇది చెబితే కథ మరీ తియ్యగా ఉందని నవ్వుతారు గాని, జరిగింది జరిగినట్టు చెప్పడమే నేను ఆమె దగ్గర నేర్చుకున్నది.

బస్సు ప్రొద్దుటూరు వైపు కదిలాక, నన్ను తొలుస్తున్న మాట అడిగాను. పెట్టెలు బాగైపోయాయి. ఆయన నన్ను క్షమించి ఊరుకున్నాడు. డీబగ్గర్ బాగైంది, నా పేరు శుభ్రపడాలంటే అది తప్పు చెప్పిందని ఆయనకు చూపిస్తే చాలు. తన పేరు చూపించాల్సిన పనేముంది? ఆఫీసులో కావాలని పడేసినప్పటి కాపీ తెరిచినా సరిపోయేది.

"ఎవరికీ తెలిసేది కాదు కదా మేడం" అన్నాను.

ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "నీకు తెలుసు గదా" అన్నారు.

తర్వాత ఆమె నిద్రపోయారు. జమ్మలమడుగు ఆడపిల్లను, ఇరవై రెండేళ్లదాన్ని, నాకు తెలియడం ఒక లెక్కలోకి వస్తుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు. ఇప్పుడు ఆ రెండు గదుల ఆఫీసును నేను నడుపుతున్నాను. నా కింద పనిచేసేవాళ్లకు నేను చెప్పే పాఠాలు వాళ్లు సగం వింటారు, సగం వదిలేస్తారు. నేనేం చేస్తున్నానో మాత్రం ఒక్కటీ వదలకుండా చూస్తారు. ఏదైనా చెడిపోయి, తప్పు ఎవరి మీదకైనా జరిపేయడం సులువుగా కనిపించినప్పుడు, ఎవరికి తెలుస్తుందిలే అని మనసు నెమ్మదిగా గొణుగుతుంది. అప్పుడు పక్క కుర్చీ వైపు చూస్తాను. అక్కడ ఎవరో ఒకరు కూర్చొని ఉంటారు. వాళ్లకు తెలుసు.